ఆర్‌సీ కార్ల సంఘంలో ప్రాంతీయ కార్యదర్శిగా పోటీ: కర్నూలు, అనంతపురం, కడప రేసర్లకు

రిమోట్ కార్ల రేసింగ్ సంఘంలో ప్రాంతీయ ఎన్నికంటే ఓట్లు పదుల్లో ఉంటాయి, వందల్లో కాదు. అంత చిన్న లెక్కలో మూడు సభ్యత్వాలు చెల్లవని తేలితే చాలు, గెలుపు అటుది ఇటవుతుంది. అయినా పోటీ చేయాలనుకున్నవాళ్లు ముందు చేసే పని పోస్టరు డిజైన్ చేయించుకోవడం, వాట్సాప్ డీపీ మార్చడం. సభ్యత్వ రిజిస్టరును మాత్రం నామినేషన్ రోజున మొదటిసారి తెరిచి చూస్తారు. అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండదు. అందుకే ఈ వరసలో కాగితాలు ముందు, ట్రాక్ తర్వాత, ప్రచారం ఆఖర్న వస్తాయి. ఎన్నికకు 90 రోజుల ముందు మొదలుపెడితే ఏ పనికీ పరుగెత్తాల్సిన అవసరం రాదు.

ముందు బైలాస్ (సంఘం నియమావళి) చేతికి రావాలి

ప్రపంచంలో ఈ ఆటకు పెద్ద సంస్థ ఇఫ్మార్. దాని కింద నాలుగు కూటములు ఉన్నాయి: యూరప్‌కు ఎఫ్రా, ఉత్తర అమెరికాకు రోర్, దక్షిణ అమెరికా వైపు ఫామార్, ఆసియా వైపు ఫెమ్కా. రోర్ తన పరిధిని ప్రాంతాలుగా విడగొట్టి ఒక్కో ప్రాంతానికి ఒక డైరెక్టర్‌ను పెట్టుకుంది. మన దగ్గర ఏ సంఘంలోనైనా ప్రాంతీయ కార్యదర్శి పని సుమారుగా అదే. క్లబ్బుల రేసు తేదీలు ఒకదానిమీద ఒకటి పడకుండా చూడాలి, నియమాలు అన్ని ఊళ్లలో ఒకే తీరుగా అమలయ్యేలా చూడాలి, గొడవ పైకి పోకముందే తేల్చాలి. కారు బాగా నడిపేవాడు ఈ పని బాగా చేస్తాడని లేదు. చాలాసార్లు మూడో హీట్లో (విడత పరుగులో) ఏడో స్థానంలో వచ్చేవాడే దీనికి పనికొస్తాడు, ఎందుకంటే వాడికి పిట్‌లో అందరితో మాట్లాడే తీరిక ఉంటుంది.

మన రాష్ట్రంలో ఇలాంటి సంఘాలు ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేసుకోవచ్చు. కనీసం 7 మంది సభ్యులు, ఒక మెమొరాండం, బైలాస్ ఉండాలి. మీ సంఘం అలా నమోదై ఉంటే వాట్సాప్‌లో తిరిగే పీడీఎఫ్‌ను నమ్ముకోవద్దు. జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో రుసుము కట్టి సర్టిఫైడ్ కాపీ తీసుకోండి. గ్రూపులో ఉండే కాపీ తరచూ డ్రాఫ్టే అయి ఉంటుంది. దాఖలు చేసేటప్పుడు మార్చిన క్లాజులు అందులో కనబడవు.

కాపీ వచ్చాక పెన్సిల్ పట్టుకుని ఈ సంగతులు వెతకండి. ప్రాంతీయ కార్యదర్శి అనే పదవి అసలు అందులో ఉందా? ఉంటే సభ్యులు నేరుగా ఎన్నుకుంటారా, క్లబ్బుకు ఒక ఓటా, లేక రాష్ట్ర కార్యవర్గం నియమిస్తుందా? పదవి పేరే లేకపోతే మీరు ఎంత ప్రచారం చేసినా అది నియామకమే. రేపు కార్యవర్గం మారితే ఒక్క ఉత్తరంతో పోతుంది. అలాంటప్పుడు ముందు బైలాస్‌ను ప్రత్యేక తీర్మానంతో సవరించి, ఆ సవరణను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయించాలి. ఆ తర్వాతే ఎన్నిక మాట. తర్వాత పదవీకాలం, కోరం, సర్వసభ్య సమావేశానికి ఎన్ని రోజుల నోటీసు ఇవ్వాలి, ఓటు హక్కు వయసు, చందా ఏ తేదీలోపు కట్టినవాళ్లకు ఓటు ఉంటుంది, ఇంకొకరి తరఫున ప్రాక్సీ ఓటు వేయవచ్చా. ఆఖరి రెండింటి మీదే గొడవలన్నీ వస్తాయి.

రిజిస్టరు: గెలుపోటములు తేలేది ఇక్కడ

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి. అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి జిల్లా, కర్నూలు నుంచి నంద్యాల జిల్లా వేరయ్యాయి. కడప నుంచి కొంత భాగం అన్నమయ్య జిల్లాలోకి పోయింది. బైలాస్ అంతకుముందు రాసినవైతే అందులో పాత జిల్లాల పేర్లే ఉంటాయి. హిందూపురం, ధర్మవరం, కదిరి కుర్రాళ్లు రేసుకు అనంతపురానికే వస్తారు, రశీదులో మాత్రం ఆధార్‌లో ఉన్న కొత్త జిల్లా పడుతుంది. డోన్ వాళ్లు తమది కర్నూలే అంటారు, కాగితం మాత్రం నంద్యాల అంటుంది. ప్రత్యర్థి కాస్త తెలివైనవాడైతే పరిశీలన రోజున ఈ ఓట్లన్నీ మన ప్రాంతం కిందికి రావని అభ్యంతరం పెడతాడు. దానికి విరుగుడు ఒకటే. "ఈ ప్రాంతం" అంటే ఏయే ప్రస్తుత జిల్లాలో పేర్లతో సహా రాసి, నోటిఫికేషన్ రాకముందే కార్యవర్గం చేత తీర్మానం చేయించి మినిట్స్ బుక్‌లో ఎక్కించడం. నోటిఫికేషన్ వచ్చాక చేసే తీర్మానం మీ కోసమే చేసినట్టుంటుంది.

రిజిస్టరును కోశాధికారి ముందే కూర్చుని చూడండి. ఫోటోలు తీసుకునే ముందు అనుమతి అడగండి, ఎందుకంటే అందులో జనం ఫోన్ నంబర్లు ఉంటాయి. ఒక్కో వరసలో పేరు, పుట్టిన తేదీ, ఊరు, క్లబ్బు, రశీదు నంబరు, చందా కట్టిన తేదీ, ఎప్పటిదాకా చెల్లుతుందో ఉండాలి. తరచూ కనబడే లోపాలు ఇవి. అన్నదమ్ములిద్దరూ ఒకే కారు నడుపుతూ ఒకే చందా కట్టి ఉంటారు, రేసుల్లో మాత్రం ఇద్దరి పేర్లూ ఉంటాయి. ఓటు ఒక్కటే. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు నాలుగేళ్లు చదివి హైదరాబాద్, బెంగళూరు వెళ్లిపోతారు, పేర్లు మాత్రం రిజిస్టరులో అలాగే ఉండిపోతాయి. ఎంట్రీ ఫీజు కట్టినవాళ్లు దాన్నే సభ్యత్వం అనుకుంటారు. 16 ఏళ్ల పిల్లాడి పేరు మీద నాన్న డబ్బు కడతాడు. బైలాస్‌లో ఓటుకు 18 నిండాలని ఉంటే ఆ ఓటు కొడుక్కీ లేదు, నాన్నకీ లేదు. నాన్న ఓటు కావాలంటే ఆయన పేరు మీద విడిగా సభ్యత్వం ఉండాల్సిందే.

ఈ లోపాలు కనబడినప్పుడు మీకు అనుకూలమైనవాళ్లవి మాత్రమే సరిచేయించకండి. అందరివీ ఒకే జాబితాగా రాసి, తేదీ వేసి, కార్యదర్శికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. తర్వాత ఎవరైనా కోర్టుకెక్కితే ఆ ఒక్క కాగితమే మీకు అండ. ఈ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం సంఘం వ్యవహారాల మీద వివాదం వస్తే సభ్యుడు మధ్యవర్తిత్వానికి పోవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. బొమ్మ కార్ల గొడవకు కోర్టా అని నవ్వేవాళ్లుంటారు. నవ్వనివ్వండి.

కొత్త సభ్యుల్ని చేర్పించడం తప్పేమీ కాదు, మంచిదే. కానీ కటాఫ్ తేదీకి రెండు రోజుల ముందు ఒకే ఫోన్ నుంచి 15 మందికి చందా కట్టారంటే అవి ఎవరి డబ్బులో అందరికీ తెలిసిపోతుంది. ఆ 15 ఓట్ల కోసం పాత 20 ఓట్లు పోగొట్టుకుంటారు.

ఓట్లు అడగడానికి ముందు ఒక రేసు టైముకు నడిపి చూపించండి

రాయలసీమలో ఓటరు అడిగేది సూటిగా ఉంటుంది: "అదంతా సరేన్నా, రేసు యాడ పెడ్తావు, ఎన్నిగంటలకు అయిపోతాది?" పొద్దున 7కి రమ్మని, మధ్యాహ్నం 2 దాకా ఎండలో కూర్చోబెట్టిన రేసులు ప్రతి ఒక్కరికీ గుర్తే. కాబట్టి మీ అభ్యర్థిత్వానికి అసలైన ప్రచారం సమయానికి ముగిసిన ఒక్క రేసు. మీ క్లబ్బు తరఫున ఎన్నికకు నెలన్నర ముందు ఒకటి పెట్టండి.

లెక్క ఇలా వేసుకోండి. 24 కార్లు వచ్చాయనుకుంటే 8 చొప్పున 3 హీట్లు. ఒక్కో క్వాలిఫైయింగ్ (ఫైనల్లో స్థానం తేల్చే పరుగు) 5 నిమిషాలు, ఆఖరి ల్యాపు పూర్తయ్యేందుకు 1 నిమిషం, కార్లు తీసి తర్వాతివి పెట్టడానికి 4 నిమిషాలు: మొత్తం 10. అంటే ఒక రౌండు 30 నిమిషాలు, మూడు రౌండ్లు గంటన్నర. 6 గంటలకు గేటు తెరిచి, 6.45 దాకా ప్రాక్టీసు, 7 దాకా టెక్ పరిశీలన (కారు నియమాల ప్రకారం ఉందో లేదో చూడడం), డ్రైవర్లకు నియమాలు చెప్పడం. 7 నుంచి 8.30 దాకా క్వాలిఫైయింగ్. పావుగంట టీ. 8.45 నుంచి సీ, బీ, ఏ ఫైనల్స్ (క్వాలిఫైయింగ్ స్థానాల ప్రకారం మూడు గుంపులు, పైవాళ్లు ఏలో). 9.15కి ఆట అయిపోయింది, 9.30కి బహుమతులు. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో 10 తర్వాత నడిపితే మోటారుకీ, దాని వేగాన్ని అదుపుచేసే ఈఎస్‌సీకీ, మనిషికీ అందరికీ ఇబ్బందే. మైకు పెట్టేట్టయితే పోలీసు అనుమతి తీసుకోండి. రాత్రి 10 నుంచి పొద్దున 6 లోపు లౌడ్‌స్పీకర్ వాడకూడదు, కాబట్టి గేటు తెరిచేముందు మైక్ టెస్టింగులు వద్దు.

ఈ షెడ్యూలు ఎక్కడ తప్పుతుందంటే, మొదట మార్షల్స్ దగ్గర. హీటు నడిపినవాళ్లు తర్వాతి హీటుకు మలుపుల్లో నిలబడి బోల్తాపడ్డ కార్లను తిప్పాలి. ఓడినవాడు కారు పట్టుకుని నీడకు పోతాడు, మలుపులో ఎవరూ ఉండరు. మార్షల్‌గా నిలబడనివాడికి ఆ రోజు తన మంచి క్వాలిఫైయింగ్ రౌండు రద్దవుతుందని డ్రైవర్ల మీటింగ్‌లో చెప్పండి. చెప్పినందుకు ఒకరి మీదైనా అమలు చేయండి, అదీ మీ స్నేహితుడి మీద అయితే మరీ మంచిది.

రెండో చోటు కరెంటు. రెండు సెల్‌ల లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీని 5 ఆంపియర్లతో చార్జ్ చేస్తే 8.4 గుణించి 5, అంటే 42 వాట్లు, చార్జర్ నష్టాలతో కలిపి 50 దాటుతుంది. 24 మందికి సుమారు 1,200 నుంచి 1,300 వాట్లు. 2 కేవీఏ జనరేటర్ మోస్తుంది. అందరూ 10 ఆంపియర్లు పెట్టారంటే రెట్టింపు, జనరేటర్ ట్రిప్ అవుతుంది. ట్రిప్ అయినప్పుడు ల్యాపుల సమయం నమోదుచేసే డీకోడరు కూడా దాని మీదే ఉంటే ఆ హీటు మళ్లీ పెట్టాలి. డీకోడరుకు, ల్యాప్‌టాప్‌కు విడిగా చిన్న యూపీఎస్ పెట్టండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు పక్కన "5 ఆంపియర్లు దాటకూడదు" అని తెలుగులో రాసి అంటించండి. లైపోల్ని మూసిన కారులో ఎండలో వదలొద్దని కూడా చెప్పాలి. వేడికి ఉబ్బిన ప్యాక్‌ను మళ్లీ చార్జ్ చేయడం ఎట్టి పరిస్థితుల్లోనూ కుదరదు. చార్జింగ్ టేబుల్ దగ్గర పొడి ఇసుక బకెట్లు రెండు ఉండాలి.

మూడోది నేల. అనంతపురం ఎర్రనేలలో ముందురోజు సాయంత్రం నీళ్లు చల్లి, తెల్లారి మళ్లీ పలచగా చల్లితే దుమ్ము లేకుండా మూడు గంటలు నిలుస్తుంది. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి అలా కాదు. నీళ్లెక్కువైతే చక్రాలకు ముద్దలు ముద్దలుగా పట్టుకుని కారు లారీలా నడుస్తుంది, ఎండితే బీటలు తీసి ముందు చక్రం అందులో దిగి చక్రాన్ని పట్టి ఉంచే ఆర్మ్ విరుగుతుంది. నల్లరేగడి ఊరిలో ట్రాక్ కావాలంటే గరుసు మట్టి తోలించి రోలర్ వేయించడమే దారి, దానికయ్యే ఖర్చు క్లబ్బుకు ముందే చెప్పాలి. లేన్ల గీతకు వాడి పారేసిన 16 ఎం.ఎం. డ్రిప్ పైపులు సీమలో ఏ తోటలోనైనా దొరుకుతాయి. కానీ అవి దారి చూపిస్తాయే గానీ కారును ఆపవు. వేగంగా వచ్చే మలుపుల్లో 3 అంగుళాల పైపు మేకులు కొట్టి బిగించండి. డ్రైవర్ల స్టాండుకు ట్రాక్టర్ ట్రాలీ చాలు, చక్రాలకు మాత్రం రాళ్లు అడ్డం పెట్టండి.

టైమింగ్‌కు ట్రాన్స్‌పాండర్లు (కారులో ఉండి దాని నంబరు పంపే చిన్న పరికరాలు) ఉంటే, ఆ సంకేతాన్ని అందుకునే లూప్ వైరు నేలలో పూడ్చాలి. రెండు తీగలూ సుమారు 30 సెంటీమీటర్ల ఎడంతో ట్రాక్‌కు అడ్డంగా, ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోవాలి. వంకరగా పోతే కొన్ని ల్యాపులు పడవు. కారులో ట్రాన్స్‌పాండర్ కార్బన్ పలక కిందో, బ్యాటరీ వెనకో ఉన్నా అదే సమస్య. ల్యాపు పడలేదని గొడవపడేవాడికి సమాధానం ఉండాలంటే ఫినిష్ లైన్‌కు అడ్డంగా ఒక ఫోన్‌ను స్టాండు మీద పెట్టి వీడియో తీయించండి. దాని ముందు మాటలు తగ్గుతాయి.

టెక్ టేబుల్ దగ్గర నిలబడేది మీరే అయితే ఇంకా మంచిది. అక్కడ ఒక తూకం, ఒక కొలత పెట్టె, ఒక మల్టీమీటర్ చాలు. రెండు సెల్‌ల ప్యాక్ నిండా చార్జ్ అయితే 8.40 వోల్టులు, నియమంలో ఇచ్చిన వెసులుబాటును మించి ఉంటే రేసులోకి పోకూడదు. స్టాక్ తరగతిలో 17.5 టర్న్ (తీగ చుట్ల లెక్క) మోటారు నడిపేవాళ్ల ఈఎస్‌సీ బ్లింకీలో (మోటారుకు అదనపు వేగం ఇవ్వని సెట్టింగులో) ఉందో లేదో దాని ఎల్‌ఈడీ మినుకుమంటోందా చూసి తెలుసుకోవచ్చు. అలా మినుకుమనకపోతే టైమింగ్ బూస్ట్ వేసినట్టే. 1/8 నైట్రో (ఇంధనంతో నడిచే) బగ్గీ అయితే ఇంజను 3.5 సీసీ, ట్యాంకు 125 సీసీ మించకూడదు. ట్యూబులో నిలిచిన ఇంధనం కూడా ఇందులోకి వస్తుందని తెలియక గొడవపడతారు, ముందే చెప్పండి.

ఇంకో మాట. బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి విడిభాగాలు తెప్పించి అమ్మేవాడే మన ఊళ్లలో ఈ ఆటకు పెద్దదిక్కు. అతను పోటీ చేయడంలో తప్పులేదు. కానీ "అందరూ ఒకే టైరు వాడాలి" అన్న నియమం పెట్టి, ఆ టైరు తన దుకాణంలోనే అమ్మితే జనం ఊరుకోరు. మీరే ఆ దుకాణదారైతే టైర్ల, బ్యాటరీల నియమాలు చర్చకొచ్చినప్పుడు ఓటు వేయనని ముందే రాసిపెట్టండి. రాయకపోతే ఆ మాట ప్రత్యర్థి చెబుతాడు, కాస్త రంగుపూసి.

ఒక్క పేజీ ప్రణాళిక

ప్రణాళికకు నాలుగు పేజీలు వద్దు. సగం పేజీలో రేసుల తేదీలు, మిగతా సగంలో లెక్క. తేదీలు వేసేటప్పుడు జేఎన్‌టీయూఏ సెమిస్టర్ పరీక్షలు, ఉగాది, సంక్రాంతి, పీర్ల పండుగ, వేరుశెనగ విత్తే జూన్, జూలై పనులు చూసుకోండి. మన రేసర్లలో సగం మంది కాలేజీ పిల్లలు లేదా పొలం ఉన్న ఇళ్లవాళ్లు. ఆ రెండు గుంపులకూ అనుకూలంగా లేని తేదీ ఎంత బాగున్నా ఎంట్రీలు రావు.

లెక్క ఉదాహరణకు ఇలా ఉండొచ్చు, రేట్లు మీ ఊళ్లో కనుక్కుని వేసుకోండి: మైదానం 1,500, నీళ్ల ట్యాంకరు 1,000, షామియానా, కుర్చీలు 1,500, మైకు, జనరేటర్ 1,200, బహుమతులు 1,200, టీ, టిఫిన్ 600. మొత్తం 7,000. ఎంట్రీ 300 అయితే 24 మంది వస్తే 7,200, మిగిలేది 200. అదే 18 మందే వస్తే 5,400, అంటే 1,600 చేతి నుంచి పడుతుంది. ఆ 1,600 ఎవరు భరిస్తారో పేజీలోనే రాయండి. స్పాన్సర్ అంటే ఏ షాపో, ఎంతకో చెప్పండి. "స్పాన్సర్లు వస్తారు" అన్న మాట ఈ మూడు ఊళ్లలోనూ ఇప్పటికే అందరూ విని ఉన్నారు.

డబ్బు విషయంలో ఒక్కటే గట్టిగా పట్టుకోండి. ఎంట్రీ ఫీజు ఎవరి సొంత ఫోన్ క్యూఆర్ కోడ్‌కూ పోకూడదు. సంఘం పేరు మీద పాన్, ఇద్దరు సంతకాల బ్యాంకు ఖాతా, ఆ ఖాతా క్యూఆర్, రేసు అయిన వారంలోపు గ్రూపులో లెక్క. గత కార్యవర్గం చెడ్డది కాకపోయినా ఈ ఒక్క చోటే దానికి చెడ్డపేరు వచ్చి ఉంటుంది.

మైదానం ఎవరిదో కూడా రాసిపెట్టండి. మున్సిపల్ పాఠశాలదైతే ప్రధానోపాధ్యాయుడితో పాటు మున్సిపాలిటీని, కాలేజీదైతే ప్రిన్సిపాల్‌ను, క్రీడా ప్రాధికార సంస్థ స్టేడియం అయితే జిల్లా క్రీడాభివృద్ధి అధికారిని అడగాలి. దరఖాస్తులో "ఆర్‌సీ కార్లు" అని మాత్రమే రాస్తే పెద్ద కార్ల రేసనుకుని భయపడతారు. "చేతి రిమోట్‌తో నడిచే, 2 కిలోల లోపు బరువున్న బ్యాటరీ కార్లు" అని రాయండి, వీలైతే ఒక కారు పట్టుకెళ్లి టేబుల్ మీద పెట్టండి.

నామినేషన్, పరిశీలన

నామినేషన్ పత్రంలో పేరు రిజిస్టరులో ఉన్నట్టే, అక్షరం మారకుండా రాయండి. ఇంటిపేరు ముందా వెనకా అన్న తేడాకే తిరస్కరించిన సందర్భాలుంటాయి. ప్రతిపాదించేవాళ్లు, బలపరిచేవాళ్లు ఇద్దరూ చందా చెల్లుబాటులో ఉన్న సభ్యులై ఉండాలి, వీలైతే వేర్వేరు ఊళ్లవాళ్లు కావాలి. అనంతపురం అభ్యర్థిని కడప క్లబ్బు సభ్యుడు బలపరిస్తే ఆ సంతకమే సగం ప్రచారం. ఒకే మనిషి ఇద్దరు అభ్యర్థుల్ని బలపరచకూడదని చాలా బైలాస్‌లో ఉంటుంది, అడిగి తెలుసుకోండి. రెండు సెట్లు వేయండి, వేర్వేరు ప్రతిపాదకులతో. ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది.

ఎన్నికల అధికారి పోటీలో లేనివాడు, వీలైతే సంఘంలోనే లేనివాడు కావాలి. ఏదైనా కాలేజీ పీడీనో, రిటైరైన మాస్టారునో అడగండి. అభ్యర్థి బంధువు అయితే గెలిచినా ఎప్పటికీ నమ్మరు.

ఫోన్ పలకరింపు

ప్రచారానికి గ్రూపులో రోజుకు పది మెసేజ్‌లు పెట్టకండి. ప్రతి ఓటరుకూ ఒకసారి ఫోన్ చేసి, ఒకసారి ట్రాక్‌లో కలవండి. వయసులో పెద్దవాళ్లను అన్నా, సార్ అనండి. కుర్రాళ్లతో "ఏమప్పా, బగ్గీ ఎట్లుంది?" అని మొదలుపెట్టి వాళ్ల కారు గురించే పది నిమిషాలు వినండి. ఓటు సంగతి తర్వాత అడగొచ్చు. "చూస్తాంలేన్నా" అన్నారంటే లేదని అర్థం. ఆ ఓటును లెక్కలో వేసుకోకండి. ప్రత్యర్థి కారు వేగం గురించి, వాళ్ల ఇంటి గురించి మాట్లాడొద్దు. మూడు ఊళ్లూ కలిసినా ఈ ఆట ఆడేవాళ్లు కొద్దిమందే, ఎన్నిక తర్వాత కూడా వాళ్లే మలుపులో నిలబడి మీ కారును తిప్పి పెట్టాలి.

పోలింగ్ రోజు

సమావేశం ఎక్కడ పెడితే ఓట్లు అక్కడివే ఎక్కువ పడతాయి. మూడు ఊళ్లకూ న్యాయంగా ఉండాలంటే గుత్తి మంచి చోటు. జాతీయ రహదారి 44 మీద కర్నూలు, అనంతపురాల మధ్య ఉంది, కడప నుంచి తాడిపత్రి మీదుగా రైలు కూడా ఉంది. వేదిక నిర్ణయం కార్యవర్గానిది కాబట్టి నోటీసు వెళ్లకముందే ఈ సూచన చేయాలి.

ఆన్‌లైన్ ఫారంతో ఓటింగ్ పెడదామని ఎవరో ఒకరు అంటారు. బైలాస్‌లో లేకపోతే ఒప్పుకోకండి. లింకు దొరికినవాడల్లా వేస్తాడు, ఒకడే రెండు మెయిళ్లతో వేస్తాడు, ఎవరు ఎవరికి వేశారో ఫారం నడిపేవాడికి కనిపిస్తుంది. ఓడినవాడు సవాలు చేస్తే నిలవదు.

కాగితపు బ్యాలెట్ చేయించడం కష్టం కాదు. పైన అభ్యర్థుల పేర్లు తెలుగు అక్షర క్రమంలో, పక్కన ఖాళీ గడి, వెనక ఎన్నికల అధికారి సంతకం. చించి ఇచ్చేటప్పుడు మిగిలే కౌంటర్‌ఫాయిల్ మీద వరుస నంబరు, దానికెదురుగా రిజిస్టరులో ఓటరు సంతకం. బ్యాలెట్ మీద మాత్రం ఆ నంబరు ఉండకూడదు, ఉంటే రహస్యం పోతుంది. ఎవరికైనా గుర్తు ఎలా పెట్టాలో అర్థం కాకపోతే నమూనా కాగితం గోడకు అంటించండి. రెండు గడుల్లో గుర్తు, పేరు రాయడం, సంతకం పెట్టడం, ఇవన్నీ చెల్లవని ముందే చదివి వినిపించాలి.

లెక్కింపు మొదలుపెట్టేముందు పెట్టెలో ఎన్ని కాగితాలున్నాయో లెక్కపెట్టి, ఇచ్చిన కాగితాలతో సరిపోయిందో చూడాలి. సరిపోకపోతే ఓట్లు లెక్కించకుండా ఆపేసి, తేడాను మినిట్స్‌లో రాయాలి. ఆ పని చేయకుండా "రెండు ఎక్కువే కదా, పోనీలే" అన్నచోటే తర్వాత పెద్ద రచ్చ జరుగుతుంది. సమానమైతే బైలాస్ ఏం చెబితే అది. బైలాస్ ఏమీ చెప్పకపోతే ఇద్దరు అభ్యర్థులూ ఒప్పుకుని చీటీ తీయడం మంచిది, అదీ సంతకాలతో రాయించి.

ఫలితం మినిట్స్‌లో ఎక్కాక కొత్త కార్యవర్గ జాబితా రిజిస్ట్రార్ దగ్గర దాఖలవుతుందో లేదో మీరే కనుక్కోవాలి. ఇది ఏటా చేయాల్సిన పని. రాష్ట్ర కార్యదర్శి మరిచిపోతే మీ పదవి కాగితం మీద లేనట్టే.

అప్పగింత

పాత కార్యదర్శి దగ్గర నుంచి తీసుకోవాల్సినవి ఒక తెల్లకాగితం మీద రాసుకుని వెళ్లండి: నగదు పుస్తకం, రశీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిల్స్, బ్యాంకు పాస్‌బుక్, సంతకం మార్పు ఫారం, మినిట్స్ బుక్, సభ్యత్వ రిజిస్టరు, టైమింగ్ ల్యాప్‌టాప్, దాని పాస్‌వర్డు, వాట్సాప్ గ్రూపు అడ్మిన్, తూకం, కొలత పెట్టె, మల్టీమీటర్, క్లబ్బు ట్రాన్స్‌పాండర్లు ఒక్కోదాని నంబరుతో సహా, డీకోడరు, లూప్ వైరు, దాని కోఆక్స్ కేబుల్. చివరి మూడే ఎక్కువసార్లు సగం మాత్రమే దొరుకుతాయి. లూప్ వైరు పాత ట్రాక్ మట్టిలోనే ఉండిపోయి ఉంటుంది, కేబుల్ ఎవరి ఇంట్లోనో ఉంటుంది. డీకోడరును అక్కడే ఆన్ చేయించి, లూప్ నేలమీద పరిచి, ట్రాన్స్‌పాండర్ ఉన్న కారును దానిమీద దొర్లించండి. బీప్ వచ్చి స్క్రీన్ మీద నంబరు పడ్డాకే అప్పగింత కాగితం మీద సంతకం చేయండి.